పలకరాళ్ల మీద పచ్చిక

మొన్న వానల్లో మా మరదలు విమల చీరాల నుంచి ఫోన్ చేసింది. మా తమ్ముడు దాసు ఇంటి ముందున్న పచ్చికలో పడిపోయాడట. ఎముకలేవీ విరగలేదు కానీ, లేవలేక చాలాసేపు ఆ తడిలోనే పడి ఉన్నాడట. ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతూ ఉండడంతో అతని పిలుపు వినపడలేదు. ఆ గడ్డి పీకించేసి టైల్స్ వేయిద్దామని ఆమె ఏడాదిగా చెబుతోంది. అతను వినడం లేదు. "మీరొక్కసారి వచ్చి చెప్పండి వదినా. నేనంటే విసుక్కుంటారు గానీ అక్క మాట కాదనరు," అంది. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. మర్నాడే మార్కాపురంలో బస్సెక్కాను.

దాసు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాక విమల వాళ్ల ఊరైన చీరాలలోనే ఇల్లు కట్టుకున్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. అయినా కొంచెం ఈడుస్తూ నడిచే చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేశాడు. ఇప్పుడు ఈ వయసులో ఆ కాలికి మళ్లీ బలం తగ్గుతోంది. చిన్నతనంలో పోలియో వచ్చినవాళ్లలో కొందరికి పెద్దయ్యాక ఇట్లా అవుతుందని డాక్టరు చెప్పాడట. నేను వెళ్లేసరికి అతను గేటు పక్కన ఒక పొట్టి స్టూలు వేసుకుని, పచ్చికలోంచి తుంగ పీకుతున్నాడు. పడిన చోట మోచేతికి చర్మం లేచిపోయి ఉంది. నన్ను చూసి నవ్వాడు కానీ లేవడానికి ప్రయత్నించలేదు. లేవడం ఎంత కష్టమో నాకు కనపడకూడదని అట్లా కూర్చుండిపోయాడని తర్వాత అర్థమైంది.

ఆ ఊళ్లో గడ్డి పెంచడమంటే నీళ్లు పోయడం కాదు, నీళ్ల నుంచి దాన్ని కాపాడుకోవడం. సముద్రపు గాలి, ఉక్క, ఉన్నట్టుండి కొట్టే వాన. నేల ఇసుకే అయినా గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. సాయంత్రం నీళ్లు చల్లితే రాత్రంతా ఆ తడి ఆరక తెల్లారేసరికి బూజు పడుతుందని, అందుకే పొద్దున్నే చల్లాలని దాసు చెప్పాడు. వాన వెలిసిన మర్నాడు గుండ్రటి గోధుమరంగు మచ్చలు లేస్తాయి. వాటిని పట్టించుకోకపోతే వారం తిరిగేలోపు పళ్లేలంత అవుతాయి. కుక్కగొడుగులు మొలుస్తాయి. వారానికోసారి మిషన్‌తో కోయాలి, అది కూడా మరీ మొదలంటా కోయకూడదు. ఈ సంగతులన్నీ అతను ఎంతో శ్రద్ధగా చెబుతుంటే నేను సగమే వింటున్నాను. అక్కడ ఎక్కువై గడ్డిని చంపుతున్న నీళ్ల కోసమే మా ఇంట్లో, మా వీధిలో, ఒక ఎండాకాలం జరిగినదంతా కళ్ల ముందుకు వచ్చింది.

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. అమ్మ కరుణమ్మ అక్కడే షెడ్డులో ఆడవాళ్లతో కలిసి పలకలు రుద్దేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇద్దరి కనురెప్పలూ బూడిద రంగులో ఉండేవి. నాయన ఇంట్లోకి రాకముందే చొక్కా విప్పి గోడకేసి దులిపేవాడు. దులిపిన ప్రతిసారీ దగ్గేవాడు. తర్వాత మెట్టు మీద కూర్చుని కాళ్లు కడుక్కుని, తడిచేత్తో మొహం తుడుచుకుని, అప్పుడు మమ్మల్ని దగ్గరికి పిలిచేవాడు. తడిసిన రాతిపొడి వాసన ఒకటి ఉంటుంది. వానపడ్డ మట్టివాసన లాంటిదే కానీ కమ్మగా ఉండదు, గొంతులో గరగరలాడుతుంది. నాకు నాయన వాసన అంటే అదే. మా వీధిలో అందరి ముంగిళ్లలోనూ పలకరాతి ముక్కలే పరిచి ఉండేవి. ఫ్యాక్టరీల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఆ ముక్కల్ని తెచ్చి పోస్తే వానాకాలం బురద కాకుండా ఉంటుందని. అందరం చెప్పుల్లేకుండానే వాటి మీద తిరిగేవాళ్లం. మా అరికాళ్లకు అలవాటే. మోకాళ్లకు మాత్రం ఆ రాయి కత్తే.

దాసు తప్పటడుగులు వేస్తున్న వయసులో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక చూస్తే ఎడమ కాలు నిలవలేదు. ఎక్కడెక్కడికో తిప్పారు. చివరికి ఒక డాక్టరమ్మ కాలికి ఇనప కడ్డీల బూటు రాసిచ్చి, "ఇక మందులేం లేవమ్మా. రోజూ నడిపించాలి. మెత్తటి నేల మీద నడిపించండి, పడినా దెబ్బ తగలకుండా," అని చెప్పింది. ఆ చివరి మాట అమ్మ పట్టుకుంది. మా వీధిలో మెత్తటి నేల అనేది ఎక్కడుంది?

అమ్మ పుట్టిల్లు కంభం దగ్గర. చెరువు కింద కాలువల గట్లు ఏ కాలంలోనూ పూర్తిగా ఎండవు. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఒక్కతే రైలెక్కి వెళ్లి, సాయంత్రానికి గోనెసంచి నిండా గరిక దుబ్బులు తవ్వుకొచ్చింది. అంతకుముందే వారం రోజులు తెల్లవారకముందే లేచి, గడ్డపారతో ముంగిట్లో రాతిముక్కలన్నీ ఏరి, గంపలతో వీధి చివర పారబోసింది. నాయన పక్క ఊరి కుంటలోంచి నల్లమట్టి ఒక బండెడు తోలించాడు. గరికను పిలకలు పిలకలుగా విడదీసి, వేలితో గుంట చేసి ఒక్కొక్కటీ నాటింది అమ్మ. నేను వెనకాల చెంబుతో నీళ్లు పోసుకుంటూ నడిచాను. వీధిలో వాళ్లు బోరింగు దగ్గర నవ్వుకున్నారు. పల్లెల్లో పొలాల్లోంచి పీకి పారేసే గడ్డిని ఈమె ఇంటి ముందు నాటుతోందని. అమ్మకు వినపడింది. పట్టించుకోలేదు.

గరిక నిజంగానే పట్టుకుంది. ఆ ఏడు వానలు బాగున్నాయి. పాకి, అల్లుకుని, రెండు మంచాలు వేసేంత చోటు పచ్చటి పరుపులా అయింది. మధ్యలో పల్లేరు మొలిస్తే అమ్మ వెతికి వెతికి పీకేది. ఆ ముల్లు వాడి మోకాలికి గుచ్చుకుంటుందని ఆమెకు అదే భయం. కొడవలితో కూర్చుని సమంగా కోసేది. ఆ కోసిన పచ్చివాసన మా వీధిలో ఇంకెక్కడా ఉండేది కాదు. పనికి పోకముందు పొద్దున, వచ్చాక సాయంత్రం దాసును ఆ గడ్డి మీద నిలబెట్టి వదిలేది. ఎవరూ పట్టుకోకూడదు. వాడు పడితే ఎవరూ లేపకూడదు. నేను ఒకసారి లేపబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. "పడనీ. లేచేది కూడా వాడే నేర్చుకోవాల," అంది. ఆమె గొంతు కఠినంగా ఉంది కానీ, చూపు వాడి మోకాళ్ల మీదే ఉంది. దాసు ఏడుస్తూ బోర్లాపడేవాడు, గడ్డి పట్టుకుని లేచేవాడు, మళ్లీ పడేవాడు. మోకాళ్లకు రక్తం కాదు, ఆకుపచ్చ మరకలు అంటుకునేవి. ఆ మరకలు చూసి అమ్మ మొహం వెలిగేది.

మా ఎదురింట్లో ఖైరూన్ అత్త ఉండేది. ఆమె భర్త సైకిళ్లు బాగుచేసేవాడు. అమ్మ పనికి పోతే దాసును చూసుకునేది ఆమే. పెద్దవాడైనా వాణ్ణి సంకలో వేసుకునే తిరిగేది. వాళ్ల ఇంట్లో నెయ్యిలో ఉల్లిపాయలు వేగుతుంటే ఆ వాసనకు వాడు అరుగు మీద నుంచి పాక్కుంటూ పోబోయేవాడు. ఆమె పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేది. అమ్మ కంటే ఆమె దగ్గరే వాడికి చనువు ఎక్కువని నాకు తెలుసు. అమ్మకు కూడా తెలుసనుకుంటాను. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు.

ఆ తర్వాత వానలు పోయాయి. ఒక ఏడు కాదు, వరసగా. మా వైపు అది కొత్త కాదు కానీ, ఆ ఎండాకాలం బోరింగు ఎంత కొట్టినా గాలి శబ్దమే వచ్చేది. నీళ్ల ట్యాంకరు ఏ రోజు వస్తుందో, ఏ వేళకు వస్తుందో తెలియదు. దాని చప్పుడు వింటే చాలు ఆడవాళ్లు పొయ్యి మీదున్నది దించి పరుగెత్తేవాళ్లు. అమ్మ మొదట బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, మా ఒళ్లు కడిగిన నీళ్లు గడ్డికి పోసింది. దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఎండ ముదిరాక ఆ నీళ్లు చాలలేదు. గరిక అంచుల నుంచి తెల్లబడడం మొదలైంది. సరిగ్గా అప్పుడే దాసు పట్టుకోకుండా నాలుగైదు అడుగులు వేస్తున్నాడు. అమ్మ ట్యాంకరు నీళ్లలోంచి తీసి పోయడం మొదలుపెట్టింది. మేము తాగడం తగ్గించుకున్నాం. నాయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కోవడం మానేసి, తడిగుడ్డతో తుడుచుకునేవాడు.

ఖైరూన్ అత్త పెద్దకూతురు ఆ రోజుల్లోనే పురిటికి వచ్చింది. పసిబిడ్డ పుట్టింది. ఒక సాయంత్రం అత్త బిందె తీసుకుని మా ముంగిట్లోకి వచ్చింది. అమ్మ అప్పుడే గడ్డికి నీళ్లు చల్లుతోంది. నేను అరుగు మీద ఉన్నాను.

"వదినా, ఒక్క బిందె నీళ్లియ్యి. పిల్లకు పోయాల. ట్యాంకరు వస్తానే తిరిగిస్తా," అంది అత్త.

"మాకే లేవు వదినా," అంది అమ్మ, చెంబు చేతిలోనే పెట్టుకుని.

ఖైరూన్ అత్త తడిసిన గడ్డి వైపు చూసింది. "గడ్డికి పోస్తుంటివి గదా."

"అది గడ్డి కాదు. వాని కాలు."

అత్త బిందె చంకలోకి మార్చుకుంది. తర్వాత మెల్లగా, "వాని కాలు నాకు తెలీదా? నా సంకలోనే గదా పెరిగినాడు," అని ఖాళీ బిందెతో వెళ్లిపోయింది. ఆ పూట నాయన ఒక బిందె తీసుకుని తానే ఇచ్చి వస్తానని లేచాడు. అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. నాయన ఆమె మొహం చూసి బిందె దించి, "తప్పు చేస్తాండావు కరుణా," అని మాత్రం అన్నాడు. ఆ మాట తర్వాత మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. మర్నాటి నుంచి దాసును ఎత్తుకోవడానికి ఖైరూన్ అత్త రాలేదు. అమ్మ పనికి పోతే నేను బడి మానేసి వాడి దగ్గర కూర్చునేదాన్ని. వాడు రోజంతా ఎదురింటి వాకిలి వైపే చూస్తూ ఉండేవాడు. ఆ ఇంట్లో పసిబిడ్డ ఏడిస్తే తల తిప్పి నన్ను చూసేవాడు.

ఆ ఆదివారం దాసుకు ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లోనే పడుకోబెట్టి మేము ముగ్గురం చర్చికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి అంతకుముందు రోజు ట్యాంకరు నుంచి పట్టిన నీళ్లు ఒక్క చుక్క లేవు. తొట్టి ఖాళీ, బిందెలు ఖాళీ. దాసు అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మ అడిగేలోపే వాడే చెప్పాడు. ఖైరూన్ అత్త చిన్నకూతుర్ని పిలిచి అన్నీ మోసుకుపొమ్మన్నాడట. అడగకుండా ఇచ్చేశాడు, దాచకుండా చెప్పాడు.

అమ్మ మమ్మల్ని ఎప్పుడూ కొట్టేది కాదు. ఆ రోజు కొట్టింది. వీపు మీద, భుజాల మీద, చేతికి ఎక్కడ అందితే అక్కడ. నాయన వచ్చి రెండు చేతులూ పట్టుకుని వెనక్కి లాగేదాకా కొట్టింది. "ఆ నీళ్లు ఎవరి కోసంరా? ఎవరి కోసం పోస్తాండా నేను?" అని అడుగుతూనే ఉంది. దాసు ఏడవలేదు. నాకంటే చిన్నవాడు, గట్టిగా ఏడ్చే వయసు. కానీ అమ్మ మొహంలోకి చూసి, "నాకొద్దు. నేనడిగినానా?" అన్నాడు. అమ్మ నాయన చేతులు విడిపించుకుంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఎదురింటి వాకిట్లో ఖైరూన్ అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఆ రోజు నుంచి దాసు గడ్డి మీద అడుగు పెట్టలేదు. అమ్మ ఎత్తుకెళ్లి నిలబెడితే కూలబడి రాయిలా కూర్చునేవాడు. బతిమాలింది. తినడానికి ఏదో ఆశపెట్టింది. వాడు కదల్లేదు. కొన్నాళ్లకు వాడు అరుగు దిగి, గోడ పట్టుకుని, వీధిలోకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఇనప కడ్డీల బూటు ఆ రాళ్ల మీద గరగరలాడుతుంటే వీధంతా వినిపించేది. పలకముక్కల మీద పడేవాడు, మోకాళ్లు కోసుకుపోయేవి, లేచి మళ్లీ ఎదురింటి వైపే అడుగు వేసేవాడు. ఖైరూన్ అత్త ఎదురొచ్చి ఎత్తుకోబోతే వద్దని చెయ్యి ఊపేవాడు. వాడు తన గుమ్మం దాకా వచ్చాకే ఆమె వాణ్ణి కూర్చోబెట్టి, రక్తం తుడిచి పసుపు అద్దేది. మా అమ్మ తలుపు వెనక నిలబడి చూసేది. బయటికి వచ్చేది కాదు. వాడు పడిన ప్రతిసారీ ఆమె చెయ్యి తలుపు రెక్కను గట్టిగా పట్టుకోవడం నేను చూశాను. మళ్లీ వానలు పడేనాటికి వాడు ఎవరి సాయమూ లేకుండా వీధి దాటి పోయి వస్తున్నాడు.

అమ్మ గడ్డికి మళ్లీ నీళ్లు పోయలేదు. అది పూర్తిగా ఎండిపోయింది. వానలకు అక్కడక్కడ మళ్లీ చిగురించింది కానీ, ఎవరి మేకలో వచ్చి మేసినా ఆమె అదిలించలేదు. ఆ తర్వాతి ఏడాది నాయన ముంగిట్లో నాపరాళ్లు పరిపించాడు. ఖైరూన్ అత్తతో మాట కలిసింది. కలవక తప్పదు, ఎదురెదురు ఇళ్లు. పండక్కి ఆమె సేమియా పంపేది, క్రిస్మస్‌కు మేము అప్పచ్చులు పంపేవాళ్లం. కానీ అమ్మ మళ్లీ ఆ ఇంటి గడప ఎక్కినట్టు నాకు గుర్తు లేదు. నాయన దగ్గుతోనే పోయాడు. ఆ ఎండాకాలం సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరమూ ఎత్తలేదు. చర్చిలో ఎవరైనా, కరుణమ్మ గడ్డి నాటి కొడుకు కాలు నిలబెట్టింది అని మెచ్చుకుంటే, అమ్మ ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేది.

ఇప్పుడు మార్కాపురంలో మా వీధిలో మట్టి కనపడదు. సిమెంటు, టైల్స్, గుమ్మాల ముందు నీళ్ల క్యాన్లు. తాగే నీళ్లు ఆటోలో వస్తాయి. బిందె పట్టుకుని ఎదురింటికి వెళ్లాల్సిన పని ఎవరికీ లేదు. మంచిదే. అట్లాంటి రోజు ఏ తల్లికీ రాకూడదనే అనుకుంటాను. కానీ ఎదురింట్లో ఇప్పుడు ఎవరుంటున్నారో, వాళ్ల పిల్లల పేర్లేమిటో నాకు తెలియదు. వాళ్ల ఇంట్లో బిడ్డ ఏడిస్తే మాకు వినపడదు, మా కిటికీలు మూసి ఉంటాయి.

చీరాలలో మూడోరోజు సాయంత్రం, దాసు పచ్చిక పక్కన కుర్చీ వేసుకుని ఉండగా నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఉక్కగా ఉంది. ఆకు కదలడం లేదు. వచ్చిన పని సంగతి ఎత్తాను. విమల ఎంత భయపడుతోందో చెప్పాను. ఈసారి పడితే ఏమవుతుందో అన్నాను. అతను వింటూ, వంగి ఒక గోధుమరంగు మచ్చ మీద వేళ్లతో తడుముతున్నాడు. ఈ గడ్డి ఎందుకు వేశావు దాసూ అని అడిగాను. నీకసలు ఇష్టం లేదు కదా చిన్నప్పుడు. ఆ రోజుల మాట యాభై ఏళ్లకు పైగా నేను అతని దగ్గర ఎత్తలేదు. ఇంట్లో విమలతో అతను చీరాల యాసలోనే మాట్లాడతాడు, నాతో మాత్రం మా మార్కాపురం యాసే వస్తుంది.

"అమ్మ కోసం వేసినా," అన్నాడు. "ఇల్లు కట్టినప్పుడు ఆమెను తీసుకొచ్చి చూపియ్యాలనుకున్నా. నా మనసులో ఏం లేదని ఆమెకు తెలియాల గదా. నోటితో చెప్పలేక ఇట్ల చేసినా."

అమ్మ పోయి ఏడాది దాటింది. పోయే ముందు ఎండాకాలం ఆమె చీరాలలో కొన్నాళ్లు ఉన్న సంగతి నాకు తెలుసు. ఆ రోజుల్లో జరిగిందేమిటో దాసు అప్పుడు చెప్పాడు. ఆమె రోజూ ఈ గడ్డి వైపే చూస్తూ వరండాలో కూర్చునేదట. దిగేది కాదట. ఒక పొద్దున అతను నీళ్లు చల్లుతుంటే పిలిచి, ఆనాడు నిన్ను కొట్టినా గదా, గుర్తుందా అని అడిగిందట.

"నేను లేదన్నా," అన్నాడు దాసు. "చిన్నోణ్ణి గదమ్మా, నాకేం గుర్తులేదన్నా. ఆమె ఊరట పడుతుందనుకున్నా అక్కా. ఆమె నా మొగం చూసి, అవునా నాయనా అని లేచి లోపలికి పోయింది. మళ్లీ వరండాలోకి రాలేదు. వారం తిరక్కుండానే ఊరికి పోతానని పట్టుబట్టింది."

అతను మట్టి అంటిన వేళ్లు తుడుచుకున్నాడు.

"చెప్పాలని ఎన్నేళ్లు దాచుకుందో. అడిగేదానికి ఎంత ధైర్యం చేసిందో. నేను గుర్తుందని చెప్పింటే ఆమె ఇంకేమన్నా చెప్పేది. నన్నేమన్నా అడిగేది. నేను ఆ తలుపు మూసేసినా." గడ్డి వైపు చూస్తూ, "అప్పట్నుంచి ఈ గడ్డిని ఎండనీకుండా, కుళ్లనీకుండా చూస్తాండా. ఎందుకో నాకే తెలీదు. ఆమె ఇంక మళ్లీ అడగదు గదక్కా," అన్నాడు.

సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. లోపల విమల వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె మా మాటలు ఎప్పుడు అయిపోతాయా అని చూస్తోందని నాకు తెలుసు. దాసు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నాడు.

"టైల్స్ వేయించుకోమని చెప్పు విమలకు," అన్నాడు.

నేను వచ్చిన పని అయిపోయింది. ఆ మాట లోపలికి వెళ్లి చెప్పడానికి మాత్రం నేను లేవలేదు. చినుకులు మొదలయ్యే దాకా ఇద్దరం అక్కడే కూర్చుండిపోయాం.